ఎస్తేరమ్మ సానరాళ్లు

తాండూరులో మా వంటశాల గేటు ముందు అప్పుడప్పుడు సైకిల్ మీద సాన పట్టే అతను వచ్చి ఆగుతాడు. పెడల్ తొక్కగానే చక్రం తిరుగుతుంది, కత్తి అంచు నుంచి నిప్పురవ్వలు లేస్తాయి. ఆ కీచు చప్పుడు కన్నా ముందు కాలిన ఇనుము వాసన నా ముక్కుకు తగులుతుంది. వెంటనే ఎస్తేరమ్మ మొహం చిట్లించుకోవడం గుర్తొస్తుంది. "కత్తిని కాలవెడ్తున్నడు సూడు," అనేది. నేను వంట నేర్చుకున్నది ఆమె దగ్గరే. కత్తి నూరడం అంతకన్నా ముందు నేర్చుకున్నాను.

ఎస్తేరమ్మ వికారాబాద్‌లో ఒక బాలికల హాస్టల్‌లో పెద్ద వంటామె. ధారూర్ దగ్గరి పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. పెళ్లయ్యాక కూడా చాలా ఏళ్లు కోతలకు పోయింది. కొడవలి మొద్దుబారితే గట్టు మీదే కూర్చుని, దొరికిన రాయి మీద నూరుకుని మళ్లీ చేలోకి దిగేదట. భర్త పోయాక వంటపనికి వచ్చి అక్కడే స్థిరపడింది. మా ఆయనకు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో రాతి దుమ్ముతో దగ్గు పట్టుకుని పని మానేయాల్సి వచ్చినప్పుడు నేను ఆ వంటింట్లో చేరాను. అప్పుడు మేముండే ధారూర్‌లో రోజూ రైలెక్కి పోయి వచ్చేదాన్ని.

చేరిన రోజే టమాటల గంప నా ముందు పెట్టింది. కత్తి తొక్క మీద జారుతుంటే బలమంతా పెట్టి నొక్కాను. పండు చితికి రసం మోచేతి దాకా కారింది. "ఆగు బిడ్డా, టమాటతోని కొట్లాట వెట్టుకున్నవా?" అని ఎస్తేరమ్మ కత్తి తీసుకుని వెనక తలుపు దగ్గరికి నడిచింది. అక్కడ నీళ్ల తొట్టి పక్కన, తడిపిన గోనె మీద ఆమె రాళ్లు రెండు ఉండేవి. ఒకటి వాగులో ఏరుకొచ్చిన గరుకు ఇసుకరాయి. రెండోది తాండూరు నాపరాయి ముక్క, చెయ్యి వేస్తే పలకలాగా నున్నగా ఉండేది. గరుకు రాయి మీద అంచు తేవాలి, నున్నటి రాయి మీద ఆ అంచును సవరించాలి. చూడటానికి అంతే. నేను కూర్చుని ఎడాపెడా రుద్దుతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపింది. "గట్ల గాదు. కత్తిని జర వంచు. మొదాలు ఎంత వంచినవో ఆఖరి దాక గంతే ఉండాలె. నిమ్మళంగ జెయ్యి." ఆ తర్వాత చాలా కాలం నా కత్తులు ఒకచోట తెగేవి, ఒకచోట జారేవి. ఆమె తిట్టేది కాదు, మెచ్చుకునేదీ కాదు. బొటనవేలి కొసను అంచుకు అడ్డంగా ఆనించి చూసి, "ఇంక నూరు," అని తిరిగి ఇచ్చేది. ఒకరోజు మాత్రం వేలు ఆనించి, ఆ కత్తితోనే ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టింది. నేను వెనక్కి తిరిగి నవ్వుకున్నాను.

ఒక వానాకాలం పొద్దున ఆమె నూరుతుంటే నేను పక్కన బియ్యం కడుగుతున్నాను. నాపరాయి మీది నీళ్లు ఎర్రగా కనిపించాయి. ఇనుము చిలుమేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే కత్తిని రాయికి అదిమిపట్టిన ఆమె ఎడమ చూపుడువేలు లోతుగా తెగి ఉంది. ఆమె ఇంకా నూరుతూనే ఉంది.

"పెద్దమ్మా, రక్తం!"

"యాడ?" అని నా చేతులకేసి చూసింది. తర్వాత తన చెయ్యి చూసుకుంది. ఆ చూపు నేను మర్చిపోలేదు. నొప్పితో చూసినట్టు లేదు, ఎవరి చేతినో చూస్తున్నట్టు ఉంది. పసుపు అద్ది గుడ్డ చుట్టుకుంటూ, "ఎవ్వలకు జెప్పకు. వంటింట్లకెళ్లి తీసేస్తరు," అంది.

చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె చేతులను గమనించడం మొదలుపెట్టాను. పొయ్యి మీది మూతను గుడ్డ లేకుండా తీసేది, బొబ్బలెక్కినా తెలిసేది కాదు. వేలు మానలేదు, వాచింది, కొస నల్లబడింది. ఆమె కూతురు సువార్త వికారాబాద్‌లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. ఒక సాయంత్రం రైలు వదులుకుని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. సువార్త వెంటనే చెప్పులేసుకుంది.

ఆసుపత్రిలో పరీక్ష చేస్తే షుగర్ ఎన్నాళ్ల నుంచో ఉందని, వేళ్లలో స్పర్శ పోయిందని తేలింది. వేలి కొస తీసేశారు. చూడటానికి వెళితే ఎస్తేరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "నిన్ను నమ్మితి. ఊరంత టాంటాం జేసినవ్," అంది. "చెయ్యి పోతదని భయమైంది పెద్దమ్మా," అన్నాను. తెచ్చిన జొన్న రొట్టెలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. తోవ పొడుగునా ఏడ్చాను. అయినా చెప్పినందుకు బాధ కలగలేదు.

ఆమెను ఎవరూ పనిలోంచి తీసేయలేదు. గాయం మానాక వచ్చింది. నాతో ముక్తసరిగా మాట్లాడేది. ఒకరోజు కత్తి నూరబోయి, బొటనవేలు అంచుకు ఆనించి, తీసి, మళ్లీ ఆనించింది. పదునో మొద్దో ఆ వేలికి తెలియడం లేదు. కత్తి గోనె మీద పెట్టేసి కొంగుతో మొహం తుడుచుకుంది. నేను ఆమె పక్కన కూర్చుని నూరడం మొదలుపెట్టాను. కాసేపటికి, "ఆగు," అంది. "పిడి దగ్గర రాయికి తగుల్తలేదు. సప్పుడు పల్సగ వస్తున్నది." చూస్తే నిజమే. మళ్లీ నూరాను. "ఆఁ, గిప్పుడు మంచిగున్నది." ఆ రోజు నుంచి నూరడం నా పని, వినడం ఆమె పని. ఆ సాయంత్రం నేను రైలుకు వెళ్లబోయే ముందు ఆమె రెండు చేతులూ నా ముందు చాపింది. "నాకైతే తెలుస్తలేదు. ఇగ రోజు నువ్వే సూడాలె," అంది. క్షమించానని గానీ, మంచి పని చేశావని గానీ ఆమె ఎప్పుడూ అనలేదు. కానీ పని మానేసేదాకా ప్రతి పొద్దునా చేతులు చాపింది. నేను వేలు వేలు విప్పి చూశాను.

తర్వాత ఆమె ధారూర్‌లో ఉంటూ, నిద్రలోనే పోయింది. సువార్త ఫోన్ చేసి చెప్పింది. అప్పటికి నేను తాండూరు వచ్చేసి, పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వండిపెట్టే పని సొంతంగా మొదలుపెట్టాను.

మా దగ్గర పొద్దున కత్తులు పంచే ముందు నేను అందరి చేతులూ చూస్తాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మొన్న దౌల్తాబాద్ నుంచి వచ్చిన కమలమ్మ ఎడమ చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఏం లేదక్కా, నూనె సిందింది."

"నొప్పి ఉన్నదా?"

"మస్తున్నది."

"తెలుస్తున్నది గద, మంచిదే. ఇయ్యాల కత్తి ముట్టకు, మందు రాసుకొని కూసో," అన్నాను. ఆమె కుదుటపడి, కాస్త ధైర్యం చేసి, "మరి నీ చేతులు ఎవలు సూస్తరక్కా?" అని అడిగింది. మిగతావాళ్లు నవ్వారు. నేను రెండు చేతులూ వాళ్ల ముందు చాపాను.