పసిరికలొచ్చిన ఎండాకాలం

తొంభైల మొదట్లో నేను నారాయణగూడలో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పని చేసేదాన్ని. పొద్దున పిల్లలకు లోయర్, హయ్యర్ నేర్పేదాన్ని. మధ్యాహ్నం నుంచి బయటి టైపు పని. ఆ ఎండాకాలం ఒక కాలేజీ లెక్చరర్ నాలుగు పరిశోధన వ్యాసాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బాగ్ లింగంపల్లిలో సదస్సు జరుగుతుందట, ఆలోపు టైపు చేసి ఇవ్వాలి. ఒకటి చిక్కడపల్లిలో ఉండే గణితం ప్రొఫెసర్‌ది. ఒకటి నీళ్ల పైపుల మీద పనిచేసి రిటైరైన ఇంజనీరుది. మరొకటి విద్యానగర్‌లో ఉంటూ వైరస్‌ల మీద పరిశోధన చేసే డాక్టరమ్మది. నాలుగోది, కంప్యూటర్‌లో సమాచారాన్ని ఎలా దాచి ఎలా వెతకాలో రాసిన ఇంకో కుర్ర లెక్చరర్‌ది. నలుగురి రాతా ఇంగ్లీషే, నలుగురివీ కోడిగీతలే.

అర్థం కాకపోయినా వేళ్లు పోతూనే ఉంటాయి, టైపిస్టు బతుకంతే. కానీ నాలుగు వ్యాసాల్లోనూ 'ట్రాన్స్‌మిషన్' అనే మాట రావడంతో నాకు అనుమానం పట్టుకుంది. ఇంజనీరుగారి దాంట్లో అది చెరువు నుంచి నీళ్లు తెచ్చే పెద్ద పైపు. డాక్టరమ్మ దాంట్లో రోగం ఒకరి నుంచి ఒకరికి పాకడం. కుర్ర లెక్చరర్ దాంట్లో టెలిఫోను తీగల మీద సమాచారం పంపడం. గణితం ఆయన దాంట్లో అది ఒక గ్రీకు అక్షరానికి పెట్టిన పేరు మాత్రమే, దాని చుట్టూ బోలెడు బ్రాకెట్లు. ఒకరి కాగితం ఇంకొకరి దాంట్లో కలిసిందేమోనని రెండుసార్లు విప్పి చూసుకున్నాను. కలవలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆయన కళ్లు పచ్చబడ్డాయి. ఆయన కాచిగూడలో ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదంటే ఎండదెబ్బ అనుకున్నాం. అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకొని వచ్చి మంచం మీద పడుకున్నాడు. మా అత్తమ్మ చూసి పసిరికలని తేల్చేసింది. మేం అశోక్‌నగర్‌లో కిరాయికుండే గల్లీలో అప్పటికే మరో రెండిళ్లలో పచ్చకామెర్లు ఉన్నాయని ఆ రోజే తెలిసింది. మర్నాడు తెల్లారకముందే ఆమె కొడుకును రిక్షాలో ఎక్కించుకుపోయి ఆకుపసరు తాగించింది. పథ్యమని ఉప్పు లేదు, నూనె లేదు, పోపు లేదు. ఇల్లంతా చప్పిడి వాసన.

అనుమానం ఉన్న కాగితాలు పట్టుకొని నేను విద్యానగర్ పోయాను. డాక్టరమ్మ తప్పులు దిద్ది, ట్రాన్స్‌మిషన్ అంటే ఏమిటో ఓపికగా చెప్పింది. ఆమె వ్యాసం నీళ్ల ద్వారా వచ్చే కామెర్ల వైరస్ గురించే. దానికి పేరు పెట్టి ఎన్నో ఏళ్లు కాలేదట. నేను దాన్నే టైపు చేస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. మా ఆయన సంగతి చెప్పాను. దీనికి మందు లేదు, విశ్రాంతే మందు, తినగలిగింది తిననివ్వండి, నీళ్లు బాగా కాచి తాగండి అంది. పసరు తప్పా అని అడిగితే, ఎక్కువమందికి పసరు తాగినా తాగకపోయినా తగ్గుతుందని చెప్పింది. అది తప్పని చెప్పినట్టో, ఒప్పని చెప్పినట్టో నాకు తెలియలేదు.

లేచేముందు ఆమె అడిగింది. "మీ ఇంట్లగాని, చుట్టుపక్కలగాని కడుపుతోని ఉన్నోళ్లు ఎవరన్న ఉన్నరా?"

లేరన్నాను. గేటు దాటాక గుర్తొచ్చింది. మా గల్లీ చివర అపార్ట్‌మెంటు కడుతున్నారు. అక్కడ రేకుల షెడ్డులో ఉంటూ పాలమూరు నుంచి వచ్చిన ఒక జంట పని చేసేది. ఆమెకు ఆరో ఏడో నెల. మా గల్లీ నల్లా దగ్గరే బిందె నింపుకొనేది. వెనక్కి పోయి చెప్పాను.

డాక్టరమ్మ ముఖం మారింది. "కండ్లు పచ్చగైనయా ఆమెకు?"

"చూడలే మేడం."

"ఈ పొద్దే చూడు. పచ్చగుంటే పసరుకు పంపకు, సీదా దవాఖానకు తీస్కపో. మనకు పోయినట్ల వాళ్లకు ఇది పోదమ్మా. పానం మీదికి వస్తది. ఎందుకట్లనో మాకు గూడ ఇంకా తెల్వది."

అంత చదువుకున్న మనిషి తెలియదని చెప్పేసరికి నాకు భయమేసింది. బస్సు దిగి నేరుగా షెడ్డుకే పోయాను. ఆమె ఇటుకల మీద కూర్చొని ఉల్లిగడ్డ కోస్తోంది. కళ్లు చూపించమంటే దిష్టి తీయడానికొచ్చానేమో అనుకుంది. ఉల్లి ఘాటుకు ఎర్రగా ఉన్నాయి తప్ప పచ్చదనం లేదు. నీళ్లు కాచి తాగమని చెప్పాను.

"కట్టెలు వంటకే సాల్తలెవ్వక్కా. నీళ్లకు ఏడికెల్లి తేవాలె?" అంది.

మా ఇంట్లో కాచిన నీళ్లు ఇస్తానన్నాను. ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ నన్ను వింతగా చూసింది. "పసిరికలున్నదే మనింట్ల. రోగమున్న ఇంటి నీళ్లు కడుపుతోని ఉన్న పిల్లకు ఇస్తవా?" అంది. ఆ మాటా నిజమే అనిపించింది. మర్నాడు ఇన్‌స్టిట్యూట్ నుంచి డాక్టరమ్మకు ఫోను చేశాను. మరిగిన నీళ్లలో రోగం ఉండదు, సబ్బుతో చేతులు కడుక్కొని వేరే బిందెలో పోసి ఇవ్వమంది. అప్పటి నుంచి పొద్దున్నే ఒక బిందె షెడ్డుకు పోయేది. మొదట నేనే మోశాను. తర్వాత అత్తమ్మే గొణుక్కుంటూ మూత పెట్టి ఇచ్చి వచ్చేది.

నీళ్లలోకి అది ఎలా వచ్చింది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. అది తన సబ్జెక్టు కాదు, ఇంజనీరును అడగమంది డాక్టరమ్మ. ఇంజనీరుగారు మా పక్క వీధిలోనే ఉండేవారు. నల్లా బందైనప్పుడు ఖాళీ పైపు చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుందని ఆయన చెప్పారు. అయితే రోగం దానివల్లే వచ్చిందా అంటే తాను చెప్పలేనన్నారు. గణితం ప్రొఫెసర్ అంతా విని, మూడిళ్లు చూసి ఏమీ తేల్చలేమమ్మా, కాకతాళీయం కూడా కావచ్చు అన్నారు. కుర్ర లెక్చరర్ అయితే ఊరందరి వివరాలూ తెస్తే కంప్యూటర్‌లో ఎక్కిస్తానన్నాడు. ఊరందరి వివరాలు నేనెక్కడ తెచ్చేది? ఒక్కొక్కరి దగ్గరికి పోయినప్పుడు అర్థమైనట్టే ఉండేది. మెట్లు దిగేసరికి తల తిరిగేది.

సదస్సు రోజు అదనపు కాపీలు పట్టుకొని బాగ్ లింగంపల్లి పోయాను. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ముగ్గురూ గడియారాలు చూసుకున్నారు. భోజనాల తర్వాత చేతులు కడుక్కునే చోట నలుగురూ ఒకేసారి కనిపించారు. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలియదు.

"సార్, మా గల్లీల ఏమైతున్నదో మీరు నలుగురు కలిసి జర చెప్పుండ్రి," అన్నాను. "ఒక్కొక్కరిని అడిగితే నాకు సమజైతలేదు."

డాక్టరమ్మ ఇంజనీరుగారిని పైపు ఎంతసేపు ఖాళీగా ఉంటుందని అడిగింది. ఆయన చెబుతుండగా గణితం ప్రొఫెసర్ అడ్డం వచ్చారు. కుర్ర లెక్చరర్ సదస్సు కాగితం వెనక మా గల్లీలా గీతలు గీసి, రోగమొచ్చిన ఇళ్లకు చుక్కలు పెట్టమని పెన్ను నా చేతికిచ్చాడు. మధ్యాహ్నం సభ మొదలైందని లోపలి నుంచి పిలుస్తున్నా వాళ్లు కదల్లేదు. వాళ్ల మాటల్లో సగం నాకు అందలేదు. ఒప్పుకుంటున్నారో పోట్లాడుకుంటున్నారో కూడా తెలియలేదు. చివరికి ఇంజనీరుగారు నల్లా వచ్చే వేళకు వచ్చి చూస్తానన్నారు.

అన్నట్టే తెల్లవారుజామున వచ్చారు. ప్రొఫెసర్‌ గారూ ఎండాకాలమైనా మఫ్లర్ చుట్టుకొని వెంట వచ్చారు. ఇంజనీరుగారు లోపల నీళ్లు కారే చప్పుడు వినడానికి ఇనుప కడ్డీ ఒక కొన నేలకు, ఒక కొన చెవికి ఆనించి గల్లీ పొడవునా నడిచారు. మూల మీద, మురికినీళ్ల మోరీ కింద నుంచి పైపు పోయే చోట చాలాసేపు నిలబడ్డారు. అక్కడ తవ్వించమని నీళ్ల ఆఫీసులో తనకు తెలిసినవాళ్లకు చెప్పారు. పనివాళ్లు వచ్చి మూల వదిలేసి మా గేటు ముందు తవ్వారు. పైపు చక్కగా ఉంది. పూడ్చి పోయారు. మళ్లీ చెబితే మళ్లీ వచ్చి, ఈసారి మూల మీద తవ్వి కొంత పైపు మార్చారు. పాత ముక్కకు చిల్లు ఉందా అని చూద్దామని పోతే, అప్పటికే దాన్ని పాత ఇనుప సామాన్లవాడు ఎత్తుకుపోయాడు.

ఆ తర్వాత మా గల్లీలో కొత్తగా ఎవరికీ కామెర్లు రాలేదు. పైపు మార్చినందుకే అన్నారు ఇంజనీరుగారు. దానంతటదే తగ్గే సమయం కావచ్చన్నారు ప్రొఫెసర్. ఈసరికి చాలామందికి తెలియకుండానే సోకి పోయి ఉంటుందంది డాక్టరమ్మ. కుర్ర లెక్చరర్ వివరాలు చాలవన్నాడు. మా అత్తమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు, పసరుతోనే పోయింది. మా ఆయన కళ్లు తెల్లబడ్డాక ఒక సాయంత్రం చిక్కడపల్లిలో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని వచ్చి, ఎవరికీ చెప్పొద్దని నాతో అన్నాడు. ఏమీ కాలేదు.

పాలమూరు ఆమె తొలి వానలకు ముందే కాన్పుకు తల్లిగారి ఊరికి పోయింది. పోయే రోజు కూడా కళ్లు చూశాను, తెల్లగానే ఉన్నాయి. బస్సులో ఏ నీళ్లు తాగుతుందో, ఊళ్లో ఎలా ఉంటుందో అని చాలా రోజులు మనసు అక్కడే ఉండేది. వానలు ముదిరాక ఆమె భర్త స్లాబు పనికి తిరిగొచ్చాడు. ఆడపిల్ల పుట్టిందని, తల్లీ పిల్లా మంచిగున్నారని చెప్పాడు. నేను పరుగున పోయి డాక్టరమ్మకు ఫోను చేశాను. కాచిన నీళ్ల వల్లేనా మేడం అని అడిగాను. చెప్పలేనమ్మా, కానీ కాచడం ఆపకు అంది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ ట్రంకుపెట్టె ముందు కూర్చొని ఉంది. మెత్తబడ్డ పాత నూలు చీర ఒకటి తీసి ఆ పసిపిల్ల పక్కబట్టలకు చింపుతోంది. ఒక పేలిక నా చేతికిచ్చి కొస పట్టుకోమంది.