బెథనీ పర్సు విసిరేసిన సాయంత్రం

ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్ అనే ఊరి నుంచి బెథనీ సెప్టెంబరు ఆఖర్లో, చాకుల తయారీతో బతికే మా ఊరు తియేర్‌కు వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. మా వృత్తి విద్యా పాఠశాలలో పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించే సహాయకురాలి ఉద్యోగం. వారానికి పన్నెండు గంటలు, ఏప్రిల్ నెలాఖరు దాకా. నేను ఆ బడిలోనే చాకుల వర్క్‌షాపులో పనిముట్ల గది చూసుకుంటాను. సానరాళ్ళు మార్చడం, మోటార్లు విప్పి బాగుచేయడం నా పని. ఇంగ్లీషు ముక్క రాదు. ఇక్కడ రాసిందాంట్లో కొంత నేను చూసింది, కొంత ఆ పిల్లే తర్వాత చెప్పింది, మిగతాది ఆమెకు పైగది అద్దెకిచ్చిన ఓడెత్ చెప్పింది.

ఆ పిల్లకు భయం. రొట్టెల దుకాణానికి వెళ్ళేముందు అక్కడ ఏమనాలో కాగితం మీద రాసుకునేది. లోపల జనం ఉంటే వాళ్ళు వెళ్ళేదాకా బయట చలిలో నిలబడేది. ఒకరోజు దుకాణమావిడ "ముక్కలు కోసివ్వనా?" అని అడిగిందట. ఆ ప్రశ్న కాగితంలో లేదు. డబ్బులు బల్ల మీద పెట్టి, రొట్టె అక్కడే వదిలేసి వచ్చేసింది. బ్యాంకు వాళ్ళు ఫోన్ చేస్తే అది మోగి మోగి ఆగేదాకా దిండు కింద పెట్టేది.

మాతో భోజనానికి కూర్చున్న మొదటి రోజు నాకు బాగా గుర్తు. ప్లేట్లు రాగానే మా వాళ్ళు ఎవరి జేబులోంచి వాళ్ళు చాకు తీసి, టక్కున తెరిచి, ప్లేటు పక్కన పెట్టుకున్నారు. ఎనిమిది మందిమి, ఎనిమిది చాకులు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"జున్ను చూసి జడుసుకున్నట్టుంది. భయపడకమ్మా, అది చచ్చి చాలా కాలమైంది," అన్నాడు సానపట్టడం నేర్పే ఫెరాన్. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ చేతులు బల్ల కిందే ఉన్నాయి. మర్నాటి నుంచి తన డబ్బా పట్టుకుని ఖాళీ తరగతి గదిలో ఒంటరిగా తినడం మొదలుపెట్టింది.

సంగతేమిటో ఓడెత్‌కు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో చాకు జేబులో పెట్టుకు తిరగడం నేరం. బడి గేటు దగ్గర సంచులు వెతుకుతారు. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు, తనతో చదివే అబ్బాయిని బస్సు స్టాపులో ఎవరో ఫోన్ కోసం పొడిచారు. ఆ అబ్బాయి బతికాడు. కానీ ఆ స్టాపులో ఆమె మళ్ళీ ఎప్పుడూ బస్సెక్కలేదు.

ఓడెత్‌కు డెబ్బై ఆరేళ్ళు. నలభై ఏళ్ళు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని చాకులకు పిడులు బిగించింది. మాటలో మొహమాటం లేదు.

"అంత భయమైతే ఈ ఊరే ఎందుకు దొరికిందే నీకు? ఇక్కడ చాకు తప్ప ఇంకేముంది?"

"ఊరిని ఉద్యోగమిచ్చినవారే నిర్ణయించిరి. నేను ఎంచుకొనలేదు," అంది బెథనీ. మా భాష పుస్తకాల్లో నేర్చుకుంది, అలాగే మాట్లాడేది.

"మరి వెళ్ళిపోతావా?"

"వెళ్ళరాదు మేడమ్. గత సంవత్సరము స్పెయిన్ వెళ్ళితిని. తొమ్మిదవ దినమున పారిపోయి వచ్చితిని. ఈసారి కూడ పారిపోయినచో ఇక జన్మలో ఇల్లు కదలలేను. నాకు తెలుసు."

అప్పటి నుంచి ఓడెత్ వంటింటి గోడ మీద కేలండర్‌లో ప్రతి రాత్రీ ఒక రోజు కొట్టేసేది, ఆ పిల్ల ఇంకా ఉందని.

చాకుల విభాగం ఆఖరి ఏడాది తరగతి ఆమెకు అన్నిటికంటే గండం. పదకొండు మంది. పద్దెనిమిదేళ్ళూ, పంతొమ్మిదేళ్ళూ ఉన్నవాళ్ళు, ఆమెకంటే తలెత్తు పొడుగు, చేతులు మసి. ఆమె ప్రశ్న అడిగితే ఒక్కడూ నోరు విప్పేవాడు కాదు. ఇంగ్లీషు తప్పుగా మాట్లాడితే పక్కవాడు ఏడాదంతా ఏడిపిస్తాడని వాళ్ళ భయం. ఆమెకేమో ఆ మౌనం చూస్తే వాళ్ళంతా కలిసి ఏదో అనుకుని వచ్చారనిపించేది.

వాళ్ళలో తితువాన్ అందరికంటే పొడుగు. నత్తి. మాట గొంతులో ఇరుక్కుంటే దవడ బిగుసుకుపోయి, కళ్ళు ఎదుటివాడి మీద నిలిచిపోతాయి. తెలియనివాళ్ళకు అది కోపంలా కనిపిస్తుంది. చేతిపని మాత్రం అలాంటిది నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు.

నవంబరులో ఒకరోజు ఆమె వాణ్ణి, నీ చాకు పిడి దేనితో చేస్తున్నావు అని అడిగింది. వాడు లేచి నిలబడ్డాడు. కొమ్ము అని చెప్పాలి, ఆవు కొమ్ము. నాలుగు నిమిషాలు పట్టింది. మా మాస్టర్లయితే సగంలోనే అందుకుని వాక్యం తామే పూర్తి చేసి కూర్చోమంటారు. ఆ పిల్ల కదల్లేదు. వాడి దవడ చూసి భయంతో కొయ్యబారిపోయింది, అంతే. అడ్డం మాట్లాడే ధైర్యం ఎక్కడిది? కానీ వాడికి అది తెలియదు. పుట్టాక తన మాట చివరిదాకా విన్న మొదటి మనిషి ఈమే అనుకున్నాడు.

మా వర్క్‌షాపులో ఒక అలవాటుంది. ఆఖరి ఏడాదిలో చేసిన మొదటి మంచి చాకు ఎవడూ తన దగ్గర ఉంచుకోడు. ఎవరికో ఇస్తాడు. ఎక్కువ మంది అమ్మకో, తాతకో ఇస్తారు. డిసెంబరు మొదటి గురువారం మార్కులు పడ్డాయి. తితువాన్ చాకుకి ఇరవైకి పదిహేడున్నర. మధ్యాహ్నం నా గదికి వచ్చి, బయటికి తీసుకెళ్ళే చీటీ మీద సంతకం పెట్టమన్నాడు.

"ఎవరికిరా?"

చెవులు ఎర్రబడ్డాయి. "ఇం... ఇంగ్లీషు మేడమ్‌కి."

"బడిలో విద్యార్థి చేతిలో చాకు కనపడకూడదు. గేటు దాటాక ఇవ్వు."

ఆ మాట అన్నది నేనే. అనకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదు.

వాడు గేటు దాటాడు, ఇంకా ముందుకు పోయాడు. ఓడెత్ ఇంటికి ఎక్కే మెట్ల వీధిలో, సగం ఎక్కాక ఒక మలుపుంది. అటూ ఇటూ గోడలు. అక్కడ నిలబడ్డాడు. ఐదయింది, వెలుగు పోతోంది. బెథనీ సంచి భుజాన వేసుకుని ఎక్కి వచ్చింది. వాడు గోడ నీడలోంచి ముందుకు వచ్చి, చాకు తీసి, తెరిచాడు. తెరిచినప్పుడు వచ్చే చప్పుడు కోసమే వాడు మూడు రోజులు స్ప్రింగు ఆకురాయి పట్టాడు. అది ఆమె కూడా వినాలని వాడి ఆశ.

గోడల మధ్య ఆ టక్కుమన్న చప్పుడు ఎంత గట్టిగా వినపడి ఉంటుందో!

చాకు ఊరికే ఇవ్వకూడదు, తీసుకున్నవాళ్ళు చిన్న నాణెం తిరిగి ఇవ్వాలి, లేకపోతే ఇద్దరి మధ్య స్నేహం తెగుతుందని మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. వాడు ముందు ఇది కానుక అని చెప్పాలనుకున్నాడు. ఆ మాట ఇరుక్కుపోయింది. దవడ బిగిసింది. తర్వాతి మాట ముందు బయటపడింది.

"నా... నాణెం ఇవ్వండి. ఇవ్వకపోతే... తె... తెగుతుంది."

బెథనీ పర్సు తీసి వాడి ముఖం మీదికి విసిరేసి, వాణ్ణి తోసుకుంటూ పైకి పరుగెత్తింది.

పది నిమిషాల తర్వాత వాడు నా గదిలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో చాకు, ఒక చేతిలో ఆడపిల్ల పర్సు. జరిగింది చెప్పడానికి చాలాసేపు పట్టింది. నేను పర్సు చూశాను. బ్యాంకు కార్డు, ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, అన్నీ అందులోనే. చీకటిపడే వేళ, మెట్ల మీద, తెరిచిన చాకు, పర్సు. ఆ పిల్ల పోలీసులకు ఫోన్ చేస్తే వీడి మాట ఎవరు వింటారు? అసలు వీడు మాట పూర్తి చేసేదాకా ఎవరు ఆగుతారు?

"చాకు మూసి ఇలా ఇవ్వు. పర్సు కూడా. కింద వంతెన దగ్గర కూర్చో. ఎవరేమడిగినా మాట్లాడకు."

"మా... మాట్లాడమన్నా రాదు కదా మేస్త్రీ," అన్నాడు. నవ్వబోయి ఏడ్చాడు.

నేను వెళ్ళేసరికి ఓడెత్ పైగది తలుపు ముందు నిలబడి ఉంది. లోపల పెట్టె ఈడ్చిన చప్పుడు.

"ఏం చేశార్రా దీన్ని? దెయ్యాన్ని చూసినట్టు వచ్చి గడియ పెట్టుకుంది. పొద్దున్న రైలుకి క్లెర్మాన్ వెళ్ళిపోతుందట. రైలెక్కే ముందు పోలీసు స్టేషన్‌కెళ్ళి ఫిర్యాదు రాసిస్తుందట."

నేను చెప్పాను. ఓడెత్ ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత తలుపు బాదింది.

"పిల్లా! తలుపు తియ్యి. వాడు దొంగ కాదు. నీకు చాకు ఇవ్వబోయాడు."

"ఇవ్వబోయినాడా, పొడవబోయినాడా!" లోపలి నుంచి గొంతు కీచుమంది. "మీరందరు ఒకటే. మీ జేబులో కూడ ఉన్నది, నేను చూచితిని!"

"ఉంటుంది మరి. నేను యాపిల్ దేనితో కోసుకోవాలి, పళ్ళతోనా? ఉన్నవి నాలుగే."

నేను పర్సును తలుపు కింద సందులోంచి తోశాను. అది లావుగా ఉండి సగంలో ఆగింది. అవతలి నుంచి మెల్లగా లాక్కుంది. ఊపిరి వినపడుతోంది, తలుపుకి అటువైపే కూర్చుని ఉంది.

"అమ్మా, నేను లూసియాన్‌ని, పనిముట్ల గదివాణ్ణి," అన్నాను. "ఇప్పుడు ఆ చాకు కూడా తోస్తున్నాను. మూసే ఉంది. నీకు తెరవాలనిపిస్తే తెరువు. పిడికీ ఇనుముకీ మధ్య గోరు పెట్టి చూడు. సందు దొరికితే నీ ఇష్టం వచ్చినట్టు ఫిర్యాదు రాసుకో."

చాకు సన్నగా ఉంది, సులువుగా వెళ్ళిపోయింది. ఓడెత్ మోకాళ్ళ నొప్పితో మెట్టు మీద కూలబడింది. నేను పని గురించే చెప్పాను, ఇంకేం చెప్పడం నాకు రాదు. ఆ కొమ్ము వేడిచేసి వంచి సరిచేయడంలో వాడికి రెండుసార్లు చెడిందనీ, మూడోది నిలిచిందనీ, మొత్తం నలభై గంటల పని అనీ. బెదిరించేవాడికి వంటింటి చాకు చాలు, పాలిష్ అక్కర్లేదనీ. నాణెం సంగతి ఓడెత్ చెప్పింది. తన పెళ్ళికి మామగారు చాకు ఇస్తే, చేతిలో చిల్లర లేక చర్చి దగ్గర బిచ్చగాణ్ణి అప్పడిగిందట.

"వాడు నన్నే ఎందుకు ఎంచుకొనెను?" అంది లోపలి గొంతు.

"వాడు మాట్లాడుతుంటే చివరిదాకా విన్నావట."

"నేను వినలేదు," అంది. "భయపడితిని. వాని వైపు చూడకుండుటకు కూడ భయపడితిని."

"ఏదైతేనేం, ఆగావు కదా," అంది ఓడెత్. "మిగతావాళ్ళు అదీ ఆగలేదు."

గడియ తీసిన చప్పుడైంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చాకును దాని మొన ఇప్పటికీ తన వైపే ఉన్నట్టు చెయ్యంత దూరంలో పట్టుకుంది. వెనకాల పెట్టె సగం సర్ది ఉంది.

"అతడు ఎక్కడ?"

"వంతెన దగ్గర. పోలీసులు వస్తారని కూర్చున్నాడు."

ఆమె పర్సు తెరిచింది. ఇరవై యూరోల నోటు తీసింది. ఓడెత్ చేతి మీద ఒక్కటిచ్చింది. "నోటు కాదే, నాణెం! ఒక్క సెంటీమ్ చాలు."

"నేను తీసుకెళ్ళి ఇచ్చేస్తాలే," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేనే ఇవ్వవలె కదా."

"సరే, నీ వెనకాల నేనొస్తా," అంది ఓడెత్ లేవబోతూ.

"వద్దు మేడమ్. మీరు వచ్చినచో నేను మీ వెనుక దాగుకొందును."

గుమ్మంలో నిలబడి చూశాం. ఆ మెట్ల వీధిలో దీపం ఒక్కటే, మలుపు దగ్గర. ఆమె ఒక చెయ్యి గోడకు ఆనించి దిగింది. ప్రతి మెట్టు మీదా ఆగింది. మలుపు దగ్గర, అంతకుముందు వాడు నిలబడిన చోట, పూర్తిగా ఆగిపోయింది. వెనక్కి తిరిగి మా వైపు చూసింది. ఓడెత్ నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిలవొద్దు, పిలిస్తే వచ్చేస్తుంది అంది గొంతు తగ్గించి. మేం పిలవలేదు. కొంతసేపటికి ఆమె మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

కింద వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగి రావడానికి అరగంట పట్టింది. ఓడెత్ సూప్ వేడిచేసి ముందు పెట్టింది. చెంచా ప్లేటుకి తగిలి టకటకమంటూనే ఉంది, అయినా ప్లేటు ఖాళీ చేసింది. పెట్టె సంగతి మేం అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదికి ముందే నా గది తలుపు తట్టారు. బెథనీ. రాత్రంతా నిద్ర లేని ముఖం. ఆఖరి ఏడాది తరగతి ఆ రోజు ఆమెకు మొదటి గంట. జేబులోంచి చేతిరుమాలు తీసి నా బల్ల మీద విప్పింది. లోపల తితువాన్ చాకు.

"దీనిని తరగతిలోనికి తీసుకుపోరాదు కదా. ఇక్కడ ఉంచండి. నాలుగు గంటలకు వచ్చి తీసుకొందును."

సొరుగు లాగి, చాకు అందులో పెట్టాను. క్లెర్మాన్ వెళ్ళే రైలు మూడున్నరకి ఇంకొకటి ఉందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. గంట కొట్టారు. కారిడార్‌లో పదకొండు మంది బూట్ల చప్పుడు. ఆమె పుస్తకాలు రెండు చేతులా గుండెకి అదుముకుని, ఏదో కాగితం మీది మాటలు గొణుక్కుంటూ అటు వెళ్ళింది.

నాలుగింటికి వచ్చింది.