ఎర్ర గెలాక్సీకి కప్పిన శాలువా

కొవ్వూరులో పుట్టి బుద్ధెరిగిన మనిషి సన్మానం తప్పించుకోవడం కష్టం. రిటైరైతే చేస్తారు, కాకపోయినా చేస్తారు, మనవడికి ఇంజనీరింగ్ సీటొస్తే తాతకి చేస్తారు. అలాంటి ఊళ్ళో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ పాఠాలు చెప్పిన వేంకటరమణ మేస్టారి భుజం మీద మాత్రం ఒక్క శాలువా పడలేదు. పైకి "అబ్బే, మనకెందుకండీ ఈ ఆర్భాటాలు" అనేవాడు గానీ లోపల కుతకుత ఉడికిపోయేవాడు. తన కాలేజీలోనే తెలుగు లెక్చరరుకి మూడోసారి సన్మానం జరిగినప్పుడైతే పాపం, అన్నం సయించలేదాయనకి.

రెండువేల అయిదులో ఆ కరువు తీరే రోజొచ్చింది. అప్పటికి ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. కుర్రకారు చాటింగులకి ఎగబడుతుంటే, మేస్టారు ఓ మూల కంప్యూటరు పట్టుకుని, అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు తీసిన ఆకాశపు ఫొటోలు దింపుకునేవాడు. అవి ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఒకే చోటుని నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఆ ఎరుపుకి అవతల మన కంటికి ఆనని పరారుణం, ఇలా వేర్వేరు ఫిల్టర్లు పెట్టి తీసినవి. గెలాక్సీ ఎంత దూరమైతే దాని కాంతి అంత ఎరుపు వైపు జరిగి మనల్ని చేరుతుంది. కాబట్టి ఏ ఫిల్టరులో ఎంత వెలుగుందో పోల్చి చూస్తే దూరం అంచనా కట్టొచ్చు. అంచనానే సుమా! ఖాయంగా తేలాలంటే పెద్ద టెలిస్కోపుతో ఆ కాంతిని రంగులు రంగులుగా విడదీసి చూడాల్సిందే.

ఒకనాడు ఆయనకో చుక్కంత గెలాక్సీ దొరికింది. నీలంలో లేదు, ఆకుపచ్చలో లేదు, ఎరుపులో ఉండీ లేనట్టుంది, పరారుణంలో మాత్రం భేషుగ్గా వెలుగుతోంది. లెక్క కట్టాడు. పన్నెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలు! మేస్టారు చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి ఆ కాగితంతో సరాసరి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆయన భార్య వరహాలక్ష్మి హైస్కూల్లో లెక్కల టీచరు. దూరాలు లెక్కకట్టడానికి ఆయన రాసిన కంప్యూటరు ప్రోగ్రాములో తప్పులు ఏరింది ఆవిడే, పట్టికలు సరిచూసిందీ ఆవిడే. గరిటె పక్కన పెట్టి కాగితం చూసింది.

"దూరం వల్లే ఎర్రగా ఉందంటారా? అందులో దుమ్ముందేమోనండీ. మొన్న కోరుకొండ తీర్థానికి వెళ్తుంటే, కంకర లారీలు లేపిన దుమ్ములోంచి సూర్యుడు ఎర్రగా కనపడలేదూ? అంతమాత్రాన సూర్యుడు దూరం జరిగిపోయినట్టా ఏంటి?"

"నీ లెక్కలు వేరు, ఖగోళం వేరు. ముందు చారు పొంగుతోంది చూడు" అన్నాడు మేస్టారు. చారు పొంగడం లేదు. ఆ సంగతి ఆయనకీ కనపడుతూనే ఉంది.

సరిచూసి పెట్టమని పుణెలో పరిశోధన చేస్తున్న అలేఖ్య అనే పాత విద్యార్థినికి ఈమెయిల్ పంపాడు. పంపినవాడు జవాబొచ్చేదాకా నోరు కట్టుకోవచ్చుగా! సాయంత్రం గోదావరి గట్టు మీద షికారులో, సత్కార సమితి అధ్యక్షుడు వీరవెంకటసత్యనారాయణ గారి చెవిన వేసేశాడు. ఈయన రైసుమిల్లు యజమాని. గెలాక్సీ అంటే ఏమిటని అడగలేదు, ఎక్కడుందనీ అడగలేదు.

"వచ్చే ఆదివారం హాలు ఖాళీయేనండి" అన్నాడు.

నాలుగు రోజుల్లో బస్టాండు నుంచి రైల్వే గేటు దాకా ఫ్లెక్సీలు లేచాయి. "విశ్వం అంచు చూసిన కొవ్వూరు ముద్దుబిడ్డ" అని రాసి, మేస్టారి పెళ్ళినాటి ఫొటో పక్కన వలయంతో సహా శనిగ్రహం బొమ్మ వేశారు. అది గెలాక్సీ కాదు మొర్రో అని మేస్టారు అనలేదు. ఫొటోలో తన జుట్టు బాగా పడిందని మురిసిపోయాడు.

ఆదివారం పొద్దున్నే జవాబొచ్చింది. మీ పద్ధతి బాగుంది గానీ మేస్టారూ, ఆ గెలాక్సీ కాంతిని వేరే వాళ్ళు ఇదివరకే విడదీసి చూశారు, అది మూడు వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, లోపల దుమ్ము దట్టంగా ఉండబట్టి ఎర్రగా కనిపిస్తోంది అని రాసింది అలేఖ్య. మేస్టారు ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, నే చెప్పలేదూ అని కూడా అనలేదు. వెళ్ళి సన్మానం ఆపించి రండి అంది.

వెళ్ళాడు.

"ఇప్పుడు ఆపడమేంటండీ బాబూ! పులిహోరకి చింతపండు నానేశాం" అన్నాడు వీరవెంకటసత్యనారాయణ గారు. "అయినా దగ్గరికొస్తే మంచిదేగా అండి?"

సాయంత్రం వేదిక ఎక్కేముందు వరహాలక్ష్మి ఒకటే మాట అంది. "ఎలాగూ తప్పయిందని చెప్తారుగా, మొత్తం చెప్పండి."

మొత్తమంటే ఏమిటో మేస్టారికి బాగా తెలుసు.

దంపతుల్ని పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆయనకి శాలువా కప్పారు, ఆవిడకి బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టారు. వక్తలు వరసగా లేచి, వేళకి కాఫీ అందించి భర్తని ఇంతవాణ్ణి చేసిన ఇల్లాలని ఆవిణ్ణి పొగిడారు. తర్వాత మైకు మేస్టారి చేతికొచ్చింది. ఆయన ఆ గెలాక్సీ అంత దూరం లేదనీ, అది దుమ్ము చేసిన మాయనీ, తన అంచనా తప్పనీ చెప్పేశాడు. ఎవరికీ ముక్క అర్థం కాలేదు.

వీరవెంకటసత్యనారాయణ గారు లేచి నిలబడ్డాడు. "చూశారా అండీ వినయం! తప్పు ఒప్పుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారండీ?"

ఇంక చూడండి చప్పట్లు! మేస్టారికి ఒళ్ళు పులకరించింది. దుమ్మన్నది మా ఆవిడండీ, నేనే వినిపించుకోలేదు అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఈలోగా మరో విడత చప్పట్లు పడ్డాయి. "దుమ్మేమోనని నాకు మొదట్నుంచీ అనుమానమేనండి" అన్నాడు మేస్టారు మైకులో, సిగ్గులేకుండా.

అక్కడికక్కడే "సత్యశోధక" బిరుదిచ్చారు. జనం పులిహోర మీద పడ్డారు. మైకువాడు వైర్లు చుట్టుకుంటున్నాడు. వరహాలక్ష్మి కుర్చీలోంచి లేవలేదు. ఆయన వైపు చూడనూ లేదు. అప్పుడు దిగింది మేస్టారికి మత్తు. వేదిక అంచుకి పరిగెత్తి గొంతు చించుకున్నాడు.

"ఏమండీ, వినండి! దుమ్మని చెప్పింది నేను కాదు, మా ఆవిడ! వరహాలక్ష్మి!"

పులిహోర వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. అందరికీ స్పష్టంగా వినబడింది.

"ఆహా, ఆఖరికి ఆ ఘనత కూడా భార్యకే ఇచ్చేస్తున్నారండీ! మనిషంటే ఆయనండి!" అన్నాడు వీరవెంకటసత్యనారాయణ గారు. జనం విస్తళ్ళు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

వరహాలక్ష్మి లేచింది. "మైకుండగా చెప్పాల్సిందండీ. ఇప్పుడు అదీ మీ గొప్పే అయిపోయింది" అంది.

ఆయన భుజం మీది శాలువా సర్ది, దాని మీద తన జాకెట్టు గుడ్డ పెట్టింది. "ఇదీ మీరే ఉంచుకోండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.