తాత విజిల్, గురుస్వామి తాడు

మా తాత సుంకన్నకు రెండు విషయాల్లో అబద్ధం చెప్పడం చేతకాదు. వాలీబాల్ బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అన్నది ఒకటి. కొండచరియకు పట్టిన తేనెపట్టులో తేనె నిండిందా లేదా అన్నది రెండోది. మిగతా వాటిలో బాగానే చెప్పేవాడు. నంద్యాల బస్సులో పక్కనున్నవాళ్ళు "యా ఊరప్పా?" అనడిగితే "ఆళ్లగడ్డ" అనేవాడు. రుద్రవరం పక్కన, కొండ కింద ఉన్న మా చెంచు గూడెం పేరు ఎత్తేవాడు కాదు. ఎందుకు దాస్తావని ఒకసారి అడిగాను.

"చెంచోళ్ళం అంటే పక్కనోడు జరిగి కూసుంటాడు మే. నాకేమో బస్సెక్కితే నిద్ర. ఆనుకునేకి ఒక భుజం ఉండద్దా?"

నవ్వుతూనే అన్నాడు. ఆ జరిగి కూర్చునే మనుషుల మీద నా కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

ఆళ్లగడ్డ పేరు చెప్పుకోవడానికి ఆయనకు ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే షెడ్లంటే ఆయనకు ప్రాణం. ఉప్పూ పప్పూ తెస్తానని పోయి, ఉలి దెబ్బలు చూస్తూ సాయంత్రం దాకా కూర్చుండిపోయేవాడు. ఒకసారి ఒక శిల్పి నాగప్రతిమ చెక్కుతుంటే ఊరుకోలేక నోరు విప్పాడట. "అయ్యా, పడగెత్తిన పాము నడుము అట్ల ఉండదు. కింది చుట్టను నేలకు అదుముకోని ఉంటాది" అన్నాడు. ఎప్పుడు చూశావని శిల్పి అడిగితే, "నిన్న పొద్దున" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో తాతకు ఒక పీట, ఒక టీ ఖాయమయ్యాయి.

రేడియోలంటే పిచ్చి. పాడైపోయిన మూడు రేడియోలు విప్పి ఒక రేడియో చేశాడు. అది ఒకే స్టేషను పట్టేది, అందులో ఎప్పుడూ వ్యవసాయం కబుర్లే. సెంటు భూమి లేని మా తాత, పత్తికి వచ్చే తెగుళ్ళ గురించి రుద్రవరం రైతులకు సలహాలిచ్చేవాడు. వాళ్ళు వినేవాళ్ళు కూడా. యాభై దాటాక, నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు, నా పలక మీదే అక్షరాలు దిద్దాడు. నాకంటే ముందే ఆయనకు ఒత్తులు వచ్చేశాయని నేను మూడు రోజులు బడికి పోలేదట. మా అవ్వ కాశమ్మ ఈ మాట ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతుంది.

వీటన్నిటినీ మించిన పిచ్చి వాలీబాల్ విజిల్. ఆటగాడిగా ఆయన అంతంతమాత్రమే. కానీ మెడలో విజిల్ పడితే చాలు, నడుము నిటారుగా నిలబడేది, చూపు మారేది. మండలంలో ఎక్కడ పోటీ జరిగినా సుంకన్నను పిలిచేవాళ్ళు. మమ్మల్ని పక్కన కూర్చోనివ్వని మనుషులు కూడా తాత విజిల్ ఊదితే నోరు మూసుకునేవాళ్ళు. ఆ ఒక్క చోటే అది జరిగేది. అందుకే విజిల్ మీద అంత మోజేమో అని నాకనిపిస్తుంది.

ఆ విజిల్ వల్లే ఆయన ఒకప్పుడు ఎర్రగట్టును పోగొట్టుకోబోయాడు.

ఎర్రగట్టు మా గూడేనికి రెండు గంటల నడక దూరంలో ఉన్న కొండచరియ. వేసవిలో దాని నిండా పెద్ద తేనెపట్లు వేలాడతాయి. పైన చెట్టుకు తీగతాడు కట్టి, దాని మీద చరియ సగం దాకా దిగి, పొగపెట్టి పట్టు కోయాలి. అడవితీగలతో ఆ తాడు పేనడం, దిగడం, కోయడం తాతకు వెన్నతో పెట్టిన విద్య. మా గూడెంలో అంత లోతు దిగేవాడు ఆయనొక్కడే. కానీ దిగేవాడు ఒక్కడే దిగలేడు. పైన ముడి దగ్గర ఒకరు కాపలా కూర్చోవాలి. కింది నుంచి పిలిస్తే పలకాలి, లాగమంటే లాగాలి. మాలో ఆ పని బావమరిదిదే. దిగినవాడు పోతే ముడి దగ్గర కూర్చున్నవాడి తోబుట్టువే ముండమోస్తుంది కాబట్టి, వాడు కన్నార్పడని నమ్మకం. అన్నదమ్ములను ఆ ముడి దగ్గరికి రానివ్వరు. కొడుకులనూ రానివ్వరు.

ఆడమనిషి పసుపుకుంకాలను ముడికి కాపలా పెట్టే ఈ కట్టుబాటు మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి. ఆ మాటే అవ్వతో అన్నాను.

"పైన నా తమ్ముడు, కింద నా మొగుడు. నన్నెవరన్నా అడిగినారా?" అంది అవ్వ. "అడగకపోయినా మధ్యలో ఏలాడేది నేనే కదా."

ఆ తమ్ముడే గురుస్వామి. కొండకు అవతలి గూడెంలో ఉంటాడు. ముప్పై వేసవులు తాతకు తాడు పట్టాడు. పదేళ్ళ కిందట రుద్రవరంలో పోటీలు పెట్టారు. గురుస్వామి తన గూడెం పిల్లలకు ఆట నేర్పి తీసుకొచ్చాడు. చివరి ఆట, చివరి పాయింటు. వాళ్ళ పిల్లవాడు కొట్టిన బంతి గీతకు బెత్తెడు అవతల పడింది. తాత విజిల్ ఊది, చెయ్యెత్తి ఔటన్నాడు. వాళ్ళు ఓడిపోయారు. గురుస్వామి ఆ పూట అక్క ఇంట్లో అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మూడు వేసవులు ఎర్రగట్టు మీద తేనె తేనెగానే ఉండిపోయింది. మా నాయన నాగార్జున తాడు తాను పడతానన్నాడు.

"నువ్వు నా కొడుకువి. నేను పడితే ఏడుస్తావ్. పడకుండా చూసేది బావమరిదే" అన్నాడు తాత. అంతే, ఇంక ఆ మాట ఎత్తనివ్వలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా గూడెం గ్రామసభ అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టింది. ఎర్రగట్టు, దాని కింది వాగు, గడ్డలు తవ్వుకునే దిన్నె, అన్నీ గూడెం ఉమ్మడి హక్కుగా రాసివ్వమని అడిగాం. నంద్యాలలో డిగ్రీ చదువుతూ ఆ కాగితాలన్నీ నేనే రాశాను. ఆ హక్కు రాకపోతే ఎర్రగట్టుకు పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం నిలబడి, ఎవర్నడిగి వచ్చారంటారు. తాత బతుకంతా ఆ ప్రశ్నకు చేతులు కట్టుకుని జవాబు చెప్పాడు. మనవళ్ళు చెప్పకూడదన్నదే ఆయన పట్టుదల.

తనిఖీకి ఒక అధికారీ, ఆయన వెంట అజయ్ కుమార్ అనే కుర్ర సర్వేయరూ వచ్చారు. గూడెం అంతా వాళ్ళ వెంట ఎర్రగట్టు ఎక్కింది. అధికారి చెట్టు మొదలు వంగి చూశాడు.

"తాడు ఒరుసుకున్న గుర్తులు పాతవి. మూడేళ్ళుగా ఎవరూ దిగలేదంటున్నారు. వాడకంలో లేని చోటని రాయాల్సి వస్తుందేమో."

నాకు ఒళ్ళు మండింది. "పెద్దల మాట రాసుకున్నా సాక్ష్యమేనని చట్టంలో ఉంది సార్" అన్నాను.

"ఉందమ్మా, రాస్తాను. కానీ పైన కమిటీలో కూర్చునేవాళ్ళు ఫోటో అడుగుతారు. పది రోజుల్లో మళ్ళీ వస్తాం. అప్పటికి ఎవరైనా దిగి చూపిస్తే, కళ్ళతో చూశానని రాస్తా."

తరాల తరబడి అడవిలో ఉన్నవాళ్ళు అడవిలోనే ఉన్నామని రుజువు చూపించాలి! ఊళ్ళో ఇల్లున్నవాణ్ణి, నీ ఇంట్లో నువ్వు అన్నం వండుకోవడం ఫోటో తీసి పంపమని ఎవరైనా అడుగుతారా?

అజయ్ కుమార్ మంచి పిల్లవాడు. "పది రోజులెందుకు పెద్దాయనా, ఇప్పుడే దిగు. తాడు నేను పట్టుకుంటా" అన్నాడు.

"నీ అక్కను నాకిచ్చినావా సారూ?" అన్నాడు తాత.

"అట్లడగొద్దు సారూ, ఇస్తానంటే పోతాడు" అంది అవ్వ వెనక నుంచి.

అందరూ నవ్వారు. కొండ దిగేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. గూడెం పెద్దలు తాత చుట్టూ చేరారు.

"ఆ బాల్ లోపలే పడిందని ఒక మాట అంటే నీదేం పోతాది సుంకన్నా? గట్టు పోతాండాది."

"బాల్ బయట పడింది" అన్నాడు తాత.

"మాకు తెలుసులేప్పా. అయినా అనరాదా?"

"బయట పడింది."

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని అవతలి గూడేనికి బయలుదేరాడు. మేం పోయేసరికి గురుస్వామి వాకిట్లో వెదురు బద్దలు చీరుతున్నాడు. తలెత్తి నన్ను చూశాడు, తాతను చూడలేదు.

"ఏం మే రజినీ, నంద్యాల సదువు ఎట్లుండాది?"

"బాగుంది తాతా."

"ఎవరినో పిల్చుకోని వచ్చినట్లుండావే."

"తాడు పట్టేకి రావాల" అన్నాడు తాత, కూర్చోకుండానే. "ఎర్రగట్టు రాసుకునేకి ఆఫీసరు వస్తాండాడు. నేను దిగితేనే రాస్తాడంట."

"బాల్ యాడ పడింది?" అన్నాడు గురుస్వామి.

"బయట."

"ఇప్పుడు గూడా బయటేనా?"

"ఇప్పుడు గూడా బయటే."

గురుస్వామి కత్తి పక్కన పెట్టాడు. రాత్రింబవళ్ళు కూర్చుని రాసిన నా దరఖాస్తు మొత్తం ఒక బెత్తెడు మన్ను దగ్గర ఆగిపోయిందనుకున్నాను.

"నేనూ సూసినాలే. బయటే" అన్నాడు గురుస్వామి.

తాత బిత్తరపోయాడు. "మరి మూడేండ్లు మాట్లాడకపోతివే?"

"ఔటిచ్చినందుకు కాదు బావా. పిల్లోళ్ళు ఆడ నేల మీద పడి ఏడుస్తాండారు. నువ్వేమో విజిలు అంతసేపు ఊదుకుంటా, చెయ్యి అట్ల తిప్పుకుంటా... ఏం సంబరమది? నీ కొడుకు పెండ్లికి గూడా నువ్వట్ల ఊగలే."

తాత గురుస్వామి పక్కన నేల మీద కూలబడ్డాడు.

"అది నా తప్పే రా" అన్నాడు. "విజిలు నోట్లో ఉంటే నాకు ఒళ్ళు తెలీదు. అందరూ నన్నే సూస్తాండారనే సంబరం. ఆ పిల్లోళ్ళను సూడలే."

"సూడలే గదా."

"సూడలే."

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే మూడేండ్ల తేనె తినుంటిమి" అని గురుస్వామి లేచి, లోపలికి చూసి, సంగటి కలపమని కేకేశాడు. నేను ఆ పూట రెండు ముద్దలు తిన్నాను. తాత మూడు తిన్నాడు. తినేముందు ఆనాడు ఆడిన పిల్లలను పిలిపించి, వాళ్ళతో కూడా అదే మాట చెప్పాడు. వాళ్ళలో ఇద్దరికి అప్పటికే మీసాలొచ్చాయి. తలలు గోక్కున్నారు.

పదో రోజు ఎర్రగట్టు మీద గురుస్వామి ముడి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కొత్త తీగతాడు వారం పాటు ఇద్దరూ కలిసి పేనారు. తాతకు అప్పటికి అరవై ఐదేళ్ళు. ఆ సంఖ్య కూడా ఆధార్ కార్డులో ఎవరో అంచనాగా వేసిందే. లుంగీ ఎగగట్టి, పొగపెట్టే ఆకుల మోపు నడుముకు కట్టుకుని, చరియ అంచు నుంచి కిందికి జారాడు.

"బావా!" అని గురుస్వామి పిలుస్తాడు. "ఊ" అని కింది నుంచి వస్తుంది. ఒకసారి మాత్రం ఆ "ఊ" రాలేదు. గురుస్వామి కాళ్ళు ముడుచుకుని ముడి మీద చెయ్యేశాడు. అవ్వ ఒక రాయి మీద కూర్చుని తాడు వైపే చూస్తోంది. ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి. మళ్ళీ పిలిచాడు, ఈసారి గొంతు చీలిపోయేలా.

"ఉండు రా! ఈగలు మూతి మీద ఉండాయి, యాడ పలికేది!"

అవ్వ నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. నా కళ్ళూ సరిగా లేవు. బుట్ట పైకొచ్చింది. దాని నిండా తెల్లటి మైనం, బంగారు రంగు తేనె. అధికారి ఫోటోలు తీయించి, అక్కడే రాతి మీద కాగితం పెట్టుకుని రాశాడు. తాతకు చదివి వినిపించబోతే, తాత కాగితం తీసుకుని తనే చదువుకున్నాడు, ఒత్తులతో సహా. "ఈడ సుంకన్న తేనెగట్టు అని రాసినారు సారూ" అని వేలు పెట్టి చూపించాడు. "నాది కాదు. గూడేనిది." అధికారి కొట్టేసి, మార్చి రాశాడు.

హక్కుపత్రం రావడానికి రెండేళ్ళు పట్టింది. రెండేళ్ళంటే నా లెక్కలో చాలా ఎక్కువ, ఎందుకింత ఆలస్యమని నేను అడగని ఆఫీసు లేదు. తాత లెక్కలో మాత్రం అది తక్కువే. "మా నాయన ఎదురుసూసినాడు, వాళ్ళ నాయన ఎదురుసూసినాడు. నేను సూసినా" అనేవాడు. ఆ పత్రం వచ్చాక నాలుగు వేసవులు ఇంకా దిగాడు. పోయినేడు వానాకాలంలో జ్వరంతో పడుకుని, మూడో రోజు పోయాడు. రుద్రవరం నుంచి రైతులు వచ్చారు. ఆళ్లగడ్డ శిల్పి వచ్చాడు. వాలీబాల్ ఆడిన పిల్లలంతా వచ్చి పాడె మోశారు. గురుస్వామి ముందు నడిచాడు.

ఈ వేసవిలో మా అన్న నరేశ్ మొదటిసారి ఎర్రగట్టుకు బయలుదేరాడు. తాడు పట్టడానికి వదిన తమ్ముడు వెంకటేష్ వచ్చాడు. దారి చూపించడానికి గురుస్వామి తాత, చూడటానికి నేను. వాగు దగ్గర కొత్తగా వచ్చిన ఫారెస్టు గార్డు ఎదురయ్యాడు.

"ఆగండప్పా. ఎవర్నడిగి పోతాండారు?"

నరేశ్ చేతులు కట్టుకోలేదు. జేబులోంచి హక్కుపత్రం నకలు తీసి ఇచ్చాడు. గార్డు నిలబడే చదివాడు, వెనక్కి తిప్పి ముద్ర చూశాడు, మడిచి తిరిగిచ్చాడు. కాసేపు తాడు వైపు, మా వైపు చూశాడు.

"నేనెప్పుడూ సూడలేదు తేనె తీసేది" అన్నాడు. "నేను గూడా రావచ్చా?"

నరేశ్ గురుస్వామి తాత ముఖం చూశాడు. ఆయన తలూపాడు.

"రా అన్నా" అన్నాడు నరేశ్. "ఆ బూట్లు ఈడే ఇడిసిపెట్టు. గట్టు మీద జారతాది."