సాక్ష్యం కూడికకు వచ్చిన అతిథి

పరిమళ టీచరమ్మ సంగతి అడిగితే ఆ కాలనీలో ఎవరైనా ముందు ఆమె మంచితనం గురించే చెబుతారు, చదువు గురించి తర్వాత. వత్సవాయి వెళ్లే రోడ్డు పక్కన, పత్తిచేల మధ్య ఉంటుంది ఆ కాలనీ. మిరపకోతలకు పోయే అమ్మానాన్నల కడుపున పుట్టి, పేటలో (ఆ చుట్టుపక్కల పేట అంటే జగ్గయ్యపేటే) మిషన్ హాస్టల్లో ఉండి, బీఈడీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. డీఎస్సీ చేతిదాకా వచ్చి జారిపోయింది. నందిగామలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సు దిగి, ఇంటికైనా పోకుండా, పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి కమ్యూనిటీ హాలు తాళం తీస్తుంది. అప్పటికే పిల్లలు గడప మీద కూర్చుని ఉంటారు. కూలి నుంచి వస్తూ వస్తూ ఎవరో ఒకామె ఆమె కోసం రెండు జామకాయలో, గుప్పెడు చిక్కుడుకాయలో కిటికీలో పెట్టి పోతుంది. ఎవరు పెట్టారో ఆమె అడగదు, వాళ్లూ చెప్పరు. ఆ కాలనీలో మంచితనం అలా చడీచప్పుడు లేకుండా నడుస్తుంటుంది.

భర్త జయరాజ్‌కు కీసర టోల్‌గేటులో ఉద్యోగం. పెళ్లాం ఇంటికి ఆలస్యంగా వస్తుందని ఆయన ఏనాడూ విసుక్కోలేదు. అన్నం తనే వండి, "మా ఇంట్లో హెడ్మాస్టరు ఆమె, నేను అటెండర్నండి" అని నవ్వేవాడు.

ఆ కాలనీలో గురువారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. పాటలయ్యాక అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, లేచి పిల్లలందర్నీ పక్కింటి అరుగు మీదికి తీసుకుపోయి వాక్యం నేర్పుతుంది. అప్పుడు పెద్దలు సాక్ష్యాలు చెబుతారు. దేవుడు తమను ఎక్కడి నుంచి ఎక్కడికి తెచ్చాడో చెప్పాలంటే, ముందు తామెక్కడ పడి ఉన్నారో చెప్పాలి కదా. అత్తను కొట్టిన కోడలు అక్కడే చెప్పింది. తమ్ముడి చేను గట్టు జరిపిన అన్న అక్కడే చెప్పాడు. కూడిక అయ్యాక చాపలు దులిపి చుట్టేటప్పుడు పెద్దవాళ్లు ఒక మాట అనేవారు: "మన్నుతోపాటు మాట కూడా ఇక్కడే దులపండమ్మా." బావి దగ్గర ఎంత పెద్ద తగువు పడినా, ఒకరి సాక్ష్యాన్ని ఇంకొకరు ఎత్తిపొడుపుకు వాడుకున్నది లేదు. అది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. అలా నడిచిపోతోంది, అంతే.

అందరిలోకీ తరచు సాక్ష్యం చెప్పేది ఏసురత్నం. కాలనీ పిల్లల్ని పేటలో బళ్లకు చేర్చే ఆటో అతనిదే. ఏ పిల్ల చెప్పు తెగినా, ఎవరి టిఫిన్ డబ్బా మూత ఊడినా ఆటో ఆపి బాగుచేసిగానీ కదిలేవాడు కాదు. ఒకప్పుడు ఆ మనిషే తాగి రోడ్డు మీద పడి ఉండేవాడంటే కొత్తవాళ్లు నమ్మరు. అతని సాక్ష్యం ఎప్పుడూ ఒకటే. మూడేళ్ల కూతుర్ని ఆస్పత్రికి చూపించుకొస్తానని నందిగామ తీసుకుపోయాడు. అక్కడ తాగాడు. బిడ్డను బస్టాండు బల్ల మీద కూర్చోబెట్టి, ఒక్కడే బస్సెక్కి వచ్చేశాడు. "పాపేదయ్యా అని మా ఆరోగ్యమ్మ అడిగితే, ఏ పాప అన్నానండి" అని చెప్పేటప్పుడు ఏసురత్నం గొంతు ప్రతిసారీ అక్కడే తెగిపోయేది. అంత వానలో తెల్లార్లూ ఆ బిడ్డను తన చీరకొంగులో చుట్టుకుని కూర్చున్నది బస్టాండు ముందు పూలమ్మే ఒక ముసలామె. ఆ పొద్దుటి నుంచి ఏసురత్నం చుక్క ముట్టలేదు.

ఆ బిడ్డే జెరూషా. ఇప్పుడు తొమ్మిదో తరగతి. పిల్లలంతా అరుగు మీదికి వెళ్లాకే సాక్ష్యాలు కనుక, ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు. నాన్న ఒకప్పుడు తాగేవాడని తెలుసు, అంతే. కాలనీ మొత్తం ఆ రహస్యాన్ని ఇన్నేళ్లూ కడుపులో దాచుకుంది.

అలాంటి చోటికి పాటబడి ట్రస్టు వచ్చింది. చదువుతోపాటు ఆటా పాటా నాటకం నేర్పితే పల్లె పిల్లలకు ధైర్యం వస్తుందన్నది వాళ్ల మాట. ఆ మాట అబద్ధమేమీ కాదు. హాలుకు రంగులు వేయించారు, పుస్తకాల బీరువా పెట్టారు, డప్పులూ కోలాటం కర్రలూ తెచ్చారు. ఆడపిల్లల్ని గంతులేయించడమేంటని గొణిగిన తల్లుల దగ్గరికి పరిమళే ఇంటింటికీ వెళ్లింది. "నా మీద నమ్మకముంటే పంపండి, మీ పిల్ల నా పిల్ల కాదా" అంది. ఆ మాట మీదే అందరూ పంపారు.

నాటకం నేర్పడానికి వచ్చినామె జాయిస్. విజయవాడ పిల్ల, పాతికేళ్లుంటాయేమో. వచ్చిన రోజునే "అక్కా" అని పరిమళను చుట్టేసుకుంది. వారానికి నాలుగు రోజులు వాళ్లింట్లోనే భోజనం. జయరాజ్ ఆ పిల్ల కోసం పచ్చిమిర్చి తగ్గించి పప్పు వండేవాడు. ఆమె పిల్లలతో నేల మీదే కూర్చునేది, వాళ్ల చీమిడి ముక్కులు తుడిచేది. క్లాసులో పేరు పిలిస్తే "ప్రెజెంట్" అనడానికే గొంతు పెగలని జెరూషా, ఆమె చేతిలో ఆరు నెలలకే డప్పు భుజానికి తగిలించుకుని చేల గట్టు దాకా వినిపించేలా పాడింది. అది విన్న రోజున ఆరోగ్యమ్మ పరిమళ చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. పరిమళ కూడా ఇంటికి వెళ్లి మోకాళ్ల మీద పడి, తనకు పుట్టని చెల్లెల్ని దేవుడు ఇలా పంపాడనుకుంది.

ఒక గురువారం జాయిస్ తానూ కూడికకు వస్తానంది. పరిమళ సంతోషంగా తీసుకెళ్లింది. పై మనిషి ఉన్నందుకు కాలనీవాళ్లు మొదట కాస్త జంకారు. కానీ ఆ పిల్ల నెత్తిన చున్నీ కప్పుకుని, తల వంచుకుని చాప మీద కూర్చోవడం చూసి మనసు కుదుటపడింది. ఏసురత్నం లేచి ఎప్పటిలాగే చెప్పాడు. జాయిస్ వెక్కి వెక్కి ఏడ్చింది. చివర్లో అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది. ఇంటికి వస్తూ దారిలో ఆ బస్టాండు సంగతులు అడిగింది. వాన సంగతి, పూలామె సంగతి, ఆమె పాపకు ఏం తినిపించిందన్న సంగతి. పరిమళ చెప్పింది. కూడికలో కూర్చుని ఏడ్చి ఆమెన్ అన్న మనిషి మన మనిషే కదా, మన మనిషికి మన పద్ధతి వేరే చెప్పాలా అనుకుంది. పరిమళ చేసిన పొరపాటు అదొక్కటే.

ట్రస్టు వార్షికోత్సవం నందిగామలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. హైదరాబాదు నుంచి దాతలు వచ్చారు. కాలనీవాళ్లంతా ఏసురత్నం ఆటోలోనూ, మాట్లాడుకున్న ట్రాక్టరులోనూ పెళ్లికి వెళ్లినట్టు వెళ్లారు. నాటకం ఏమిటో పెద్దవాళ్లకు ముందుగా చెప్పలేదు. "సర్‌ప్రైజ్ అక్కా, ఆ రోజే చూద్దురుగాని" అంది జాయిస్.

తెర లేచింది. చీరకట్టుకుని, కొప్పు పెట్టుకుని తల్లి వేషంలో జెరూషా. ఎంత పెద్దదానిలా ఉందో అని ఆరోగ్యమ్మ మురిసిపోయింది. తండ్రి వేషంలో కాలనీ కుర్రాడు క్రాంతికుమార్ తూలుతూ వచ్చాడు. వాడి తూలుడుకు హాలంతా నవ్వింది. ఏసురత్నం కూడా నవ్వాడు.

"పాపేదయ్యా?" అని అడిగింది జెరూషా.

"ఏ పాప?" అన్నాడు క్రాంతికుమార్.

ముందు వరుసలవాళ్లు మళ్లీ నవ్వారు. కాలనీవాళ్లు కూర్చున్న వరుసల్లో మాత్రం గాలి కూడా ఆడలేదు. పరిమళ పక్కకు చూడలేదు. చూడకపోయినా, ఏసురత్నం చేతిలోని నీళ్ల సీసా కిందపడి దొర్లిపోవడం వినిపించింది.

అది అంతటితో ఆగి ఉంటే, కథే అనుకుని పిల్లలు ఇంటికి వచ్చేవాళ్లేమో. నాటకం అయ్యాక చప్పట్లు ఆగలేదు. దాతల్లో ఒకావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది. అది చూసి జాయిస్ మైకు అందుకుంది. జెరూషా భుజం మీద చెయ్యివేసి దగ్గరికి తీసుకుంది.

"ఇది కల్పన కాదండి. ఆ రాత్రి ఈ ఊరి బస్టాండులో వదిలేసిన పాప ఈ పాపే" అంది.

జెరూషా ముందు నవ్వింది. మేడమ్ పొరపాటున ఏదో చెబుతోందన్నట్టు నవ్వింది. తర్వాత మూడో వరుసలో ఉన్న పరిమళ టీచర్ వంక చూసింది. ఈ తప్పు మీరైనా సరిచేయండన్నట్టు చూసింది. పరిమళ కళ్లు దించేసుకుంది. ఆ దించుకోవడంలోనే ఆ పిల్లకు జవాబు దొరికింది. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో జెరూషా ట్రాక్టరెక్కింది. ఏసురత్నం ఆటో ఖాళీగా వెనకాలే వచ్చింది. మర్నాటి నుంచి ఆ పిల్ల నాన్న ఆటో ఎక్కడం మానేసి, రోడ్డు మీదికి నడిచివెళ్లి బస్సులో బడికి పోయింది. తండ్రితో మాట లేదు. తల్లి పెడితే తింటుంది. ఏసురత్నం మిగతా పిల్లల్ని దింపుతూనే ఉన్నాడు గానీ, ఆటోలో పాటలు పెట్టడం మానేశాడు. ఆ నాటకం వీడియో ఫోన్లలో తిరిగి, పక్క ఊరి నుంచి వచ్చే ఇద్దరు పిల్లల తల్లులు వేరే ఆటో మాట్లాడుకున్నారు.

పరిమళ జాయిస్‌కు ఫోను చేసింది. ముందు వీడియో తీసేయమంది. ఆఫీసులో అడుగుతానంది జాయిస్. ఆ పిల్ల గొంతులో తప్పు చేశానన్న బెరుకు లేదు. ఇంకా ఆ సంబరమే ఉంది. ఆ నాటకం చూసి ఎంతోమంది కదిలిపోయారని, ట్రస్టువాళ్లు ఇంకో మూడు ఊళ్లలో సెంటర్లు పెడతామన్నారని చెప్పుకొచ్చింది. పరిమళ అంతా విన్నది.

"అది కూడికలో చెప్పిన మాటమ్మా" అంది చివరికి.

"చెప్పొద్దని మీరు నాకు చెప్పలేదు కదక్కా."

"మా ఇంట్లో ఇన్నాళ్లు తిన్నావు. మా ఇంటి కూర ఉప్పగా ఉందని ఊళ్లో చెప్పొద్దని ఏనాడైనా నీకు చెప్పామా?"

"మీరు ఎమోషనల్ అవుతున్నారక్కా, పిల్లల భవిష్యత్తు చూడండి" అంది జాయిస్. పరిమళ ఫోను పెట్టేసింది. ఆ రోజు జయరాజ్ ఎప్పటిలాగే పచ్చిమిర్చి తగ్గించి పప్పు వండాడు. పళ్లెం ముందు కూర్చున్నాక ఇద్దరికీ అది తట్టింది. చప్పగానే తిని లేచారు.

ట్రస్టువాళ్ల మీద కోపం ఉంటే బాగుండేది. కోపం కన్నా బరువైనదేదో ఆమె గుండెలో కూర్చుంది. కూడికలో జాయిస్ కార్చిన కన్నీళ్లు దొంగవి కావని పరిమళకు తెలుసు. ఆ పిల్ల నిజంగానే ఏడ్చింది. నిజంగా ఏడ్చిన మనిషే ఆ ఏడుపును తీసుకుపోయి వేదికెక్కించింది. దొంగ ఏడుపైతే తన మోసపోయిన మనసును తిట్టుకుని ఊరుకునేది. దీనికి ఎవర్ని తిట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్లాక జెరూషా హాల్లో ఆగింది. పరిమళ ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, జాయిస్‌ను కూడికకు తీసుకెళ్లింది నేనే, అడిగినవన్నీ చెప్పిందీ నేనే, తప్పు నాదమ్మా, మీ నాన్నది కాదు అంది. జెరూషా తలెత్తలేదు.

"ఆమె సంగతి వదిలేయండి టీచర్. ఆమె వచ్చి ఏడాది. మీకందరికీ పదకొండేళ్ల నుంచి తెలుసు. నాకొక్కదానికే తెలీదు. అరుగు మీద కూర్చోబెట్టి వాక్యాలు నేర్పారు."

"నిన్ను కాపాడుకుందామనే కదమ్మా."

"నన్నా, నాన్ననా?"

ఇన్నేళ్లూ అందరూ మంచితనమనుకున్నది ఆ పిల్లకు అలా కనిపిస్తుందని పరిమళ ఏనాడూ అనుకోలేదు. అసలేం జరిగిందో మీరే మొత్తం చెప్పండని జెరూషా అడిగింది. పరిమళ నోటిదాకా వచ్చింది. కానీ ఒకసారి తనది కాని సాక్ష్యం చెప్పి ఎక్కడికి తెచ్చిందో చూసింది కదా. "అది నేను చెప్పకూడదమ్మా. చెప్పాల్సింది మీ నాన్న" అంది.

ఆ నెలంతా గురువారం కూడికల్లో పాటలు పాడారు, వాక్యం చదివారు. సాక్ష్యాలున్నాయా అని పాస్టరు అయ్యగారు అడిగినప్పుడల్లా అందరూ చాపలోని పుల్లలు గిల్లుతూ కూర్చున్నారు. ఏసురత్నం రావడమే మానేశాడు. ఆ తర్వాతి గురువారం కూడిక వాళ్లింట్లోనే పడింది కనుక ఉండక తప్పలేదు. గుమ్మం పక్కన, వెళ్లిపోవడానికి వీలుగా కూర్చున్నాడు.

అమ్మగారు పిల్లల్ని లేవదీసింది. జెరూషా లేవలేదు. అమ్మగారు భుజం తట్టింది.

"నేనిక్కడే ఉంటానండి" అంది జెరూషా.

అమ్మగారు అయ్యగారి వంక చూసింది. అయ్యగారు వద్దనలేదు. మిగతా పిల్లలు వెళ్లిపోయారు. చాలాసేపటికి ఏసురత్నం గోడ పట్టుకుని లేచాడు. చేతులు జోడించి, "సంఘానికి వందనాలండి" అని మొదలుపెట్టాడు.

"సంఘానికి తెలుసు నాన్నా. నాకు చెప్పు."

ఏసురత్నం కూతురి వైపు తిరిగాడు. అలవాటైన మాటలేవీ అక్కరకు రాలేదు. దేవుడు నన్ను వెలుగులోకి తెచ్చాడన్న మాట కూడా రాలేదు. నీకు జ్వరం, ఆస్పత్రికన్నాను, మీ అమ్మ చేతిలో ఉన్న డబ్బు నా చేతిలో పెట్టింది, నేను తాగాను, నిన్ను బల్ల మీద పెట్టాను, బస్సెక్కాను. ఇలా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మీ అమ్మ పాపేదయ్యా అని అడిగితే ఏ పాప అన్నానమ్మా అని చెప్పి, ఈసారి గొంతు తెగకుండా నిలబడ్డాడు. ఆరోగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జెరూషా అంతా విన్నది.

"నేను ఏడ్చానా?" అని అడిగింది.

ఏసురత్నం ఏదో చెప్పబోయాడు. ఆ బిడ్డకు ఊరటగా ఉండే మాట ఏదైనా చెప్పొచ్చు, ఆ గదిలో ఎవరూ కాదనరు.

"తెలీదమ్మా" అన్నాడు. "నేను లేను."

ఎవరూ ఆమెన్ అనలేదు. జెరూషా లేచి, చెప్పులు తొడుక్కుని, బయట ఆగి ఉన్న ఆటోలో వెనక సీట్లో వెళ్లి కూర్చుంది. ఎక్కడికి పోవాలో ఎవరికీ చెప్పలేదు. ఏసురత్నం గుమ్మంలో కాసేపు నిలబడి, మెల్లగా వెళ్లి హ్యాండిల్ ముందు కూర్చున్నాడు. ఇంజను స్టార్ట్ చేయలేదు. లోపలి నుంచి పరిమళకు వాళ్లిద్దరి వీపులే కనపడుతున్నాయి, ఒకదాని వెనక ఒకటి. మాటలు వినపడలేదు. వాళ్లు మాట్లాడుకుంటున్నారో లేదో కూడా తెలియలేదు. తెలుసుకోవాలని ఆమె లేవలేదు.