ఆపి చూసినావా?

"చూడలేదు" అన్న ఒక్క మాట ఆ రోజు చెప్పి ఉంటే, ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. చమురు బావులు తవ్వే ఆటోమేటిక్ రిగ్గుల మీద భద్రతా పరికరాలను తనిఖీ చేయడం ఇప్పుడు నా ఉద్యోగం. మొన్న ఆయుధపూజ మర్నాడు ఒక రిగ్గు కంట్రోల్ క్యాబిన్ తలుపు తీయగానే గంధం, కుంకుమ కలిసిన వాసన గుప్పుమంది. ఎవరో భక్తిగా ఎర్రటి స్టాప్ బటన్‌కు నిండా బొట్టు పెట్టారు. అది తుడిచి, నొక్కి చూపించమన్నాను. కుర్చీలో ఉన్న కుర్ర ఇంజనీరు విసుక్కున్నాడు. "స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది కదా సార్, ప్రతిసారీ ఆపి చూడాలా?" నాకు ఒళ్లు మండింది. ఒకప్పుడు ఇదే విసుగు నాకూ ఉండేది. దాని ఫలితం వేరే మనిషి అనుభవించాడు.

ఆయన పేరు వన్నూరప్ప. వానలు మొహం చాటేసిన ఆ ఏళ్లలో అనంతపురం జిల్లా అంతా బోర్లే బోర్లు. ఉరవకొండలో సూరన్న అనే ఓనరు దగ్గర ఆయన ఫోర్‌మన్, నేను ఆపరేటర్‌ని. బరువైన రాడ్లను మనుషులు ఎత్తే పని లేకుండా, తానే అందుకుని బిగించే ఇనుప చెయ్యి ఉన్న కొత్త రిగ్గును సూరన్న కొన్నాడు. మేమంతా మురిసిపోయాం, వన్నూరప్ప ఒక్కడు తప్ప. ఎర్ర బటన్ నొక్కితే ఆ ఇనుప చెయ్యి ఎక్కడిదక్కడ ఆగాలి. ఇంజను, కంప్రెసర్ మాత్రం మోగుతూనే ఉంటాయి. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి, బటన్ నొక్కిన ఆపరేటర్ చెయ్యెత్తి చూపాలి. ఎక్కడికి వెళ్లినా పని మొదలుపెట్టే ముందు ఆయన ఇనుప చేతిని గాల్లోకి లేపించి, నడిమధ్యలో ఆపించేవాడు. ఆగితేనే పని.

రైతుకు ఇది మింగుడుపడేది కాదు. ఎండిన చేనులో టెంకాయ కొట్టి, రిగ్గుకు పసుపు కుంకుమలు పూసి, గంగమ్మను తలుచుకుని కళ్లు తెరిచేసరికి, వన్నూరప్ప పాత టూత్‌బ్రష్‌ను కిరోసిన్‌లో ముంచి బటన్ చుట్టూ బొట్టు గీకుతూ కనిపించేవాడు. శింగనమల దగ్గర ఒక పెద్దాయన అయితే కొట్టడానికే వచ్చాడు.

"ఏమప్పా, బొట్టు తుడుస్తాండావు? బొట్టు తుడిచేది ఎప్పుడో తెలుసునా నీకు?"

"బండికంతా పెట్టుకో పెద్దాయనా, నేను వద్దంటినా? దీనికి మాత్రం వద్దు."

"ఇంకా మొదలే పెట్టల్యా, అప్పుడే ఆపుతాండాడు! ఇంగ నీళ్లు పడినట్లే!"

"నీళ్లు పడకపోతే నన్ను తిట్టు. మనిషి చెయ్యి పోతే ఎవర్ని తిడతావు?"

ఆ బోరులో అడుగుదాకా దుమ్మే వచ్చింది. మాది బొట్టు తుడిచే రిగ్గని ఊరూరా పేరు పడింది. సూరన్న మండిపడ్డాడు. నాకూ వన్నూరప్ప అంటే విసుగే. నాకు పెళ్లి కుదిరిందని చెబితే, "మంచిదే. పిల్లను బండెక్కించుకునే ముందు బ్రేకులు చూసుకో" అన్న మనిషి!

తర్వాత పామిడి దగ్గర, సూరన్న బంధువు చేనులో పని. వన్నూరప్ప రాయిని తొలిచే కొత్త బిట్టు కోసం గుత్తికి వెళ్లాడు. సూరన్న నన్ను పక్కకు పిలిచాడు. "ఈ పొద్దు ఆపేది గీపేది వద్దు. బొట్టు మీద చెయ్యి పడిందా, ఇద్దర్నీ ఇంటికి పంపిస్తా." పూజలో గంధం, కుంకుమ, టెంకాయ నీళ్లు కలిసి బటన్ చుట్టూ కారి, ఎండకు గట్టిపడ్డాయి. నేను ముట్టుకోలేదు. వన్నూరప్ప వచ్చీ రాగానే, బటన్ కనపడని అవతలి వైపు నుంచే అరిచాడు.

"రమణా, ఆపి చూసినావా?"

"చూసినా లేన్నా!"

ఓనరంటే భయం కొంత ఉంది. అంతకంటే, మళ్లీ ఆ గీకుడు, ఆ తిట్లు ఎవడు పడతాడులే అన్న విసుగే ఎక్కువ. మధ్యాహ్నం ఒక రాడ్డు ఇరుక్కుని ఇనుప చెయ్యి నిలిచిపోయింది. వన్నూరప్ప దగ్గరికి వెళ్లి, నొక్కమని సైగ చేశాడు. నొక్కాను. బటన్ దిగినట్టు అనిపించలేదు. ఎలాగూ ఇనుప చెయ్యి కదలడం లేదు కదా అనుకుని చెయ్యెత్తాను. నా చెయ్యి చూసి ఆయన ఇరుక్కున్న రాడ్డు మీద తన చెయ్యి పెట్టాడు. రాడ్డు సర్దుకోగానే ఇనుప చెయ్యి కదిలింది. ఆయన కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

ఆస్పత్రి వసారాలో, రిగ్గుల వాళ్లందరి ముందు సూరన్న అన్నాడు: "అందరికీ నీతులు చెప్పేటోడు, తనే తొందరపడినాడు. ఏమప్పా రమణా, నువ్వు ఆడనే ఉంటివి. అంతే గదా?" నేను తల వంచుకుని నా చెప్పులు చూసుకున్నాను. అంతేనని అందరూ అనుకున్నారు. అంత జాగ్రత్తపరుడికి అజాగ్రత్త మనిషన్న పేరు మిగిలింది. మళ్లీ ఏ ఓనరూ ఆయన్ని పనికి పిలవలేదు. నేనేమో కొన్నేళ్లకు చమురు రిగ్గుల ఉద్యోగానికి వెళ్లి, యంత్రం అప్పగిస్తే మొదట ఏం చేస్తావని అడిగితే, "ఆపి చూస్తాను" అన్నాను. మెచ్చుకున్నారు. ఆ మాట ఎవరిదో అక్కడా చెప్పలేదు.

ఆయుధపూజ తర్వాత సెలవు పెట్టి, వన్నూరప్ప ఇప్పుడు ఉంటున్న పామిడి వెళ్లాను. చిన్న అంగట్లో మోటారు స్టార్టర్లు బాగుచేస్తూ కనిపించాడు. మిగిలిన వేళ్లతోనే స్క్రూడ్రైవర్ తిప్పుతున్నాడు.

"ఆ పొద్దు నేను చూడలేదన్నా" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "తెలుసు. జీపు ఎక్కించేటప్పుడే బటన్ చూసినా. గీకని కుంకుమ మీద నీ బొటనవేలి గుర్తు ఒకటే ఉండె."

"మరి నన్ను అడగలేదేమన్నా?"

"ఇంకేం అడిగేది? రోజూ అడిగిందే గదా!" అని స్క్రూడ్రైవర్ విసిరేశాడు. "ఇన్నేండ్లు యాడ పోయినావు? తెలిసినోనికి వచ్చి చెప్తాండావే, తెలీనోళ్లకు చెప్పుపో. వద్దులే, నేనూ వస్తా. ఆ పొద్దు ఆస్పత్రి కిటికీలోంచి చూస్తాంటి. నువ్వు మళ్లా చెప్పులు చూసుకుంటావు."

ఉరవకొండలో రిగ్గులు నిలిపే చోట ముసలి సూరన్న కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ ఆపరేటర్లు, పాతవాళ్లు కొందరు. ఒక బండి ఇంజను మోగుతోంది. నేను నోరు తెరవగానే వన్నూరప్ప అడ్డుపడ్డాడు. "ముందు దాన్ని ఆపు. ఈ మోతలో గొణిగేసి, చెప్పినా అంటావు మళ్లా." వెళ్లి నేనే ఇంజను ఆపాను.

"ఎవరప్పా ఆపింది?" అని సూరన్న గద్దించాడు.

"నేనే, రమణను. సూరన్నా, పామిడిలో ఆ పొద్దు నేను ఆపి చూడలేదు. చూసినా అని అబద్ధం చెప్పినా. బటన్ దిగకపోయినా చెయ్యెత్తినా. వన్నూరన్న తొందరపడలేదు, నా మాట నమ్మినాడు." వన్నూరప్ప వైపు తిరిగాను. "తప్పు నాదన్నా. నన్ను క్షమించు."