మునెమ్మ వాము నీళ్ళు

నలభై ఏళ్ళుగా ఈ మాట నా నోటి దాకా వచ్చి వెనక్కి పోతోంది. నా భార్యకు చెప్పలేదు. కొండకు పోయి దేవుడి ముందు నిలబడి కూడా పెదవి కదపలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో పూతలపట్టు కూడలిలో నాకు మందుల అంగడి ఉండేది. కడుపుబ్బరానికీ పుల్లటి తేన్పులకీ డాక్టరు చీటీ లేకుండానే మాత్రలిచ్చేవాణ్ణి, నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే పొడి ఇచ్చేవాణ్ణి. ఊళ్ళో అందరూ నన్ను డాక్టరనే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు నాకెంత రుచిగా ఉండేదో! అంగడికి ఎదురుగా మునెమ్మ అనే ఒంటరి ఆడమనిషి వాము నీళ్ళు కాచి, సీసాల్లో పోసి అమ్ముకునేది.

ఒక పొద్దున గంగప్ప అనే చెరకు రైతు, చిత్తూరు ఆసుపత్రికని బయల్దేరినవాడు, బస్సు ఎక్కబోతూ నా దగ్గరకు వచ్చాడు. అప్పటికే మునెమ్మ దగ్గర వాము నీళ్ళు తాగాడట, తగ్గలేదట. రొమ్ములో మంటన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. అది గుండెపోటు కావచ్చని నాకు తట్టలేదా? తట్టింది. తట్టినా, డాక్టరనిపించుకోవడానికి అలవాటుపడ్డ మనిషిని, 'నాకు తెలియదు, ఆసుపత్రికే పో' అనలేకపోయాను.

"గ్యాసే లేప్పా. చిత్తూరికి పోయే పన్లేదు" అన్నాను.

పొడి కలిపి నా చేత్తోనే తాగించాను. పెద్ద తేన్పు వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు వెళ్ళిపోయింది. గంగప్ప ఇంటికి నడిచిపోయాడు. మధ్యాహ్నానికి చనిపోయాడు.

అతని తమ్ముళ్ళు వచ్చి, మా అన్న ఏం తాగాడని అడిగారు. మునెమ్మ వాము నీళ్ళు అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వాళ్ళు ఆమె సీసాలన్నీ పగలగొట్టారు. ఆ తర్వాత ఆమె చేతి నీళ్ళు ఎవరూ ముట్టలేదు.

మూడో రోజు మునెమ్మ నా అంగడి మెట్టు కింద వచ్చి నిలబడింది.

"నాయనా, ఆయప్ప నీ కాడికి గూడా వచ్చినాడు గదా. నేను సూసినాను. నువ్వేమిచ్చినావని నేనడగను. నా నీళ్ళలో వాము తప్ప ఏమీ లేదని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఇంటారు."

"నాకేం తెల్దు మునెమ్మక్కా. నువ్వేం కలిపినావో నీకే తెలియాల."

ఆమె ఏడవలేదు. వెనక్కి తిరిగి రోడ్డు దాటింది. వారం తిరక్కుండా కార్వేటినగరంలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. తను చూసింది ఎవరికైనా చెప్పిందో లేదో. చెప్పినా, డాక్టరు మాట ముందు ఆమె మాట ఎవరు నమ్ముతారు?

కొన్నేళ్ళకు ఒకసారి కార్వేటినగరం పోయి ఆమెను వెతికాను. ఎందుకు పోయాను? క్షమించమని అడగడానికా, ఆమె ఇంకా ఏమైనా చెప్పగలదేమో తెలుసుకోవడానికా? చనిపోయిందన్నారు. వినగానే మొదట నాకు కలిగింది ఊరట. అన్నిటికన్నా ఇది చెప్పడానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

గంగప్ప ఆ బస్సు ఎక్కి ఉంటే బతికేవాడా? తెలియదు. ఎక్కకుండా ఆపింది మాత్రం నేను. మునెమ్మ నీళ్ళలో వాము తప్ప ఏమీ లేదు. ఆనాడు నలుగురి ముందు గట్టిగా అనాల్సిన మాట. ఈనాటికి, ఒక కాగితం మీద, అన్నాను.